బొమ్మల కొలువుకి అక్రిలిక్ మూత: అతుకు తెల్లబడుతోంది, అంచు పగులుతోంది (చెన్నై)

వేలచేరి_కొలువు
కొండపల్లి బొమ్మల మీద దుమ్ము పడకుండా అడుగు లేని మూత చేయాలి. బయటి కొలతలు 600 × 300 × 400 ఎంఎం. 3 ఎంఎం అక్రిలిక్‌ని లేజర్‌తో కోయించి, ముందు రెండు ముక్కలు క్లోరోఫామ్‌తో అతికించి చూశాను. అతుకు పాలలా తెల్లబడింది. స్పిరిట్‌తో తుడిచిన గంటకి అంచు నుంచి లోపలికి వెంట్రుకల్లాంటి చీలికలు వచ్చాయి. షాపులో పాలీకార్బొనేట్ తీసుకోమంటున్నారు. షీటు మారిస్తే ఈ బాధ తీరుతుందా? చిన్న ముక్కలు ఎక్కడ అడగాలి?

అంబత్తూరు_ఫిట్టర్
పాలీకార్బొనేట్ వద్దండీ. సుత్తి దెబ్బకి ఆగుతుంది గానీ గీతలు ఇట్టే పడతాయి, లేజర్ పెడితే అంచు గోధుమరంగుకి మాడుతుంది. బొమ్మల మూతకి అక్రిలిక్కే సరి.

మీ చీలికలకి అసలు కారణం లేజర్. కోసినచోట అంచు కరిగి, చల్లారేటప్పుడు బిగుసుకుంటుంది. ఆ బిగువు మీద స్పిరిట్ పడిందంటే చిట్లడమే. గాజు తుడిచే అమ్మోనియా ద్రవాలతోనూ ఇదే గతి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.

అతికించే అంచుల్ని రంపం మీద గానీ రౌటర్ (తిరిగే బిట్టుతో కోసే యంత్రం) మీద గానీ కోయించండి. లేజరే తప్పదంటే హాక్సా బ్లేడు వీపుతో అంచుని నాలుగైదుసార్లు గీకి, ఆ మెరుపు పొర పోయాకే అతికించండి. మంటతో మెరుగుపెట్టిన అంచుని మాత్రం ఎప్పుడూ అతికించకూడదు.

600 పొడవుకి 3 ఎంఎం చాలదు, 5 తీసుకోండి. వంగకుండా నిలిచే గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 3 కంటే 5 దాదాపు నాలుగున్నర రెట్లు గట్టి. ముక్కలు: పైకప్పు 600 × 300 ఒకటి, ముందూ వెనకా 600 × 395 రెండు, పక్కలు 290 × 395 రెండు. అన్నీ 4 × 3 అడుగుల ముక్కలో వచ్చేస్తాయి. బరువు ఐదు కిలోల పైచిలుకు, ఎత్తడానికి ఇద్దరుంటే మేలు. 5 అని అమ్మే క్యాస్ట్ షీటు (అచ్చులో పోసి చేసింది) కచ్చితంగా 5 ఉండకపోవచ్చు. వెర్నియర్ పెట్టి కొలిచి, ఆ మందంతో 395నీ 290నీ మళ్లీ లెక్క కట్టాకే కోతకి ఇవ్వండి.

పెరంబూరు_అతుకు
తెల్లబడటం సంగతి. ద్రావకం ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చెన్నై గాలిలో తేమ అక్కడ చెమ్మగా దిగి మంచుపొరలా నిలుస్తుంది. ఐప్పసి (అక్టోబరు–నవంబరు) వానల్లో ఇంకా ఎక్కువ. క్లోరోఫామ్ బదులు వాడే మిథిలీన్ క్లోరైడ్ అయితే 40 డిగ్రీలకే మరుగుతుంది కనుక మరీ తొందరగా తెల్లబడుతుంది, క్లోరోఫామ్ 61. ఏసీ గదిలో తేమ తగ్గాక అతికించండి, ఫ్యాన్ మాత్రం ఆపండి. మిథిలీన్ క్లోరైడ్ వాడేవాళ్లు పదోవంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపితే ఆరడం నెమ్మదించి తెలుపు తగ్గుతుంది. క్లోరోఫామ్, మిథిలీన్ క్లోరైడ్ రెండూ విషపు ఆవిర్లే, ఏసీ గదైనా కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. నైట్రైల్ గ్లౌజుల్లోంచి మిథిలీన్ క్లోరైడ్ నిమిషాల్లో దూరిపోతుంది. పడితే వెంటనే మార్చేయండి.

షీటు మీద అంటించి ఉండే కాగితం మొత్తం ఒలవకండి, అతుకు దగ్గర రెండు సెంటీమీటర్లు చాలు. ముక్కల్ని మూలమట్టానికి ఆనించి టేపు వేయండి. అతుకు కింద సన్నటి రాగి తీగపోగులు రెండు పెట్టి, సూది సిరంజితో లోపలి వైపు నుంచి ద్రావకం పారించండి. పది పదిహేను సెకన్లు నానాక తీగలు లాగేయండి, బరువుకి ముక్క తానే దిగి బుడగలు లేకుండా అతుక్కుంటుంది. సిరంజిలో ద్రావకం వదిలేస్తే రబ్బరు ఉబ్బి బిగుసుకుపోతుంది. 24 గంటలు కదపొద్దు. ఫెవిక్విక్ జోలికి వెళ్లకండి, చుట్టూ తెల్ల బూడిద పడుతుంది.

గిండీ_షీట్లు
గీకడం కన్నా ఓవెన్ మంచిది. 5 ఎంఎం ముక్కని కాగితం ఒలిచి 80 డిగ్రీల దగ్గర ఐదు గంటలుంచి, స్విచ్ ఆపి తలుపు తీయకుండా చల్లారనివ్వాలి. బిగువు పోతుంది.

కొనేటప్పుడు ‘క్యాస్ట్’ అని నొక్కి అడగండి, ఎక్స్‌ట్రూడెడ్ (యంత్రంలోంచి నొక్కి తీసింది) చవకే గానీ ద్రావకానికి త్వరగా చిట్లుతుంది. జీపీపీఎస్ (ఒక రకం పాలీస్టైరీన్ ప్లాస్టిక్) షీటుని అక్రిలిక్ పేరుతో అంటగడతారు: గోటితో మీటితే గలగలమంటుంది. చిన్న తునక అంటిస్తే నల్లటి మసి పొగ. అక్రిలిక్ చిటపటలాడుతూ పండు వాసనతో దాదాపు పొగ లేకుండా కాలుతుంది. చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు సైన్‌బోర్డు సరుకు అమ్మేవాళ్ల దగ్గర కట్ పీస్ అడగండి. బోర్డులు చేసేచోట మిగిలిన తునకలు కిలో లెక్కన ఇస్తారు.

అంబత్తూరు_ఫిట్టర్
ఓవెన్ బాగానే ఉంది గానీ 600 పొడవు ముక్క ఇంటి ఓటీజీలో పడుతుందా? పైగా దాని డయల్ 80 అన్నా లోపల 110 ఉండొచ్చు. అప్పుడు ముక్క వంగి దొన్నె అవుతుంది. గీకుడే గతి.

వేలచేరి_కొలువు
సరే, రంపం కోత, 5 ఎంఎం క్యాస్ట్. వెనక పలకకి దీపాల పట్టీ బిగించే రంధ్రాలు మామూలు డ్రిల్లు బిట్టుతో వేయొచ్చా?

పెరంబూరు_అతుకు
వేయొచ్చు, కొత్త బిట్టు మాత్రం వద్దు. అది పట్టేసుకుని బయటికొచ్చేచోట పెచ్చు లేపుతుంది. బిట్టు అంచు వాడిని సానరాయి మీద రెండు రుద్దులు రుద్ది మొద్దు చేయండి. కింద చెక్క పెట్టి, నెమ్మది వేగంతో, మధ్యమధ్య పైకి తీస్తూ వేయండి. 3 ఎంఎం స్క్రూకి 4 ఎంఎం రంధ్రం, అంచుకి కనీసం 10 ఎంఎం దూరం. వేడికి షీటు సాగుతుంది, స్క్రూ గట్టిగా బిగించొద్దు. రంధ్రాలన్నీ అతికించక ముందే వేసేయండి.