సీటీ 35 వచ్చిందని కాపుకొచ్చిన బత్తాయి చెట్టు పీకేయాలా?

తిప్పర్తి తోట:
అన్నలూ, తిప్పర్తి దగ్గర మా బత్తాయి తోట. ఆరేండ్ల చెట్లు, ఇప్పుడిప్పుడే కాపు అందుకుంటున్నాయి. పక్క తోటలో గ్రీనింగ్ తెగులు ఉందని అనుమానం రావడంతో మా ఆకులు కూడా ఒక ల్యాబుకు పంపిస్తే ఒక్క చెట్టుకు పీసీఆర్‌లో (డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటూ వెతికే పరీక్ష) సీటీ (ఎన్నోసారి రెట్టింపుకు దొరికిందో చెప్పే అంకె) 35 అని రాసి, పక్కన పాజిటివ్ అని పెట్టారు. చెట్టు చూస్తే నిండు పచ్చగా ఉంది, కాయ కూడా గుండ్రంగానే ఉంది. ఇది కంప్యూటర్‌తో డిజైన్ చేసిన కొత్త పరీక్ష, తప్పు పోదు అంటున్నారు వాళ్లు. పీకేయాలా, ఉంచాలా? టెన్షన్‌తో నిద్ర పడతలేదు.

కనగల్ రైతు:
తమ్మీ, ఆలోచించకు, పీకి కాల్చెయ్. ఫ్లోరిడాలో ఈ తెగులు 2005లో కనబడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన రాష్ట్రం 2022-23కు వచ్చేసరికి కోటీ 58 లక్షల పెట్టెలకు పడిపోయింది. తుఫాన్లూ దెబ్బ తీశాయి నిజమే, కానీ నడుం విరిచింది గ్రీనింగే. దీనికి మందు లేదు. లక్షణాలు కనబడేదాకా ఆగితే దీన్ని మోసే సిల్లా పురుగు అప్పటికే పది చెట్లకు అంటించి ఉంటుంది.

హాలియా బత్తాయి:
నేను ఒప్పుకోను. చెట్టును చూడకుండా కాగితం చూసి పీకడం ఏంటి? ఆకు పసుపు మచ్చలు మధ్య ఈనెకు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటే అది జింక్ లోపం, ఒక పక్క ఒక రకంగా, ఇంకో పక్క ఇంకో రకంగా ఉంటే అప్పుడు గ్రీనింగ్ అనుమానించాలి. ఈయన చెట్టుకు మచ్చే లేదు. ఆరేండ్లు నీళ్లు పోసి, ఎరువు వేసి పెంచిన చెట్టును మిషన్ మాట విని నరికితే ఆ నష్టం ఎవరిస్తారు?

పాలమూరు పిల్లగాడు:
నేను హైదరాబాద్‌లో డీఎన్ఏ డేటా విశ్లేషణ పని చేస్తాను, ఊరు నాగర్‌కర్నూల్ వైపు. ఇద్దరూ సగం సగం కరెక్టే, కానీ ఆ ‘తప్పు పోదు’ అన్న మాట మాత్రం ల్యాబ్ వాళ్లు అనకూడదు.

గ్రీనింగ్ తెచ్చే ఈ బ్యాక్టీరియాను మామూలుగా ల్యాబులో పెంచలేకపోతున్నారు, అందుకే డీఎన్ఏ పరీక్ష తప్ప గట్టి ఆధారం ఇంకోటి లేదు. 2009లో దీని జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) పూర్తిగా చదివింది కూడా సిల్లా పురుగులోంచి తీసిన డీఎన్ఏతోనే. పురుగుది, దాని కడుపులోని వేరే బ్యాక్టీరియాలది అంతా కలగలిసి ఉంటే అందులోంచి కంప్యూటర్‌తో ఏరి, సుమారు 12 లక్షల అక్షరాల జీనోమ్‌ను అతికించారు. మంచి పరీక్షలు చాలావరకు దాని మీదే నిలబడ్డాయి.

పాత పరీక్షలు 16ఎస్ జీన్‌ను వెతుకుతాయి. అది ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉంటుంది, ఆకులోని క్లోరోప్లాస్ట్‌లో కూడా దాని పోలిక జీన్ ఉంటుంది. ప్రైమర్ (వెతికే జీన్‌కు అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్క) సరిగా ఎంచకపోతే ఆకునే బ్యాక్టీరియా అనుకునే ప్రమాదం. ఊరంతా ఒకటే ఇంటిపేరు ఉన్నచోట ఇంటిపేరుతో మనిషిని వెతికినట్టు ఉంటుంది అది. కంప్యూటర్ చేసే పనేంటంటే జీనోమ్‌ను చిన్న ముక్కలుగా కోసి, తెలిసిన అన్ని బ్యాక్టీరియాలతో, బత్తాయి జీనోమ్‌తో పోల్చి, ఇంకెక్కడా లేని ముక్కను పట్టుకోవడం. ఆ ముక్క జీనోమ్‌లో ఎక్కువసార్లు ఉంటే ఇంకా మంచిది. ఇందులో 16ఎస్ 3 కాపీలుంటే, ఎన్ఆర్‌డీబీ అనే జీన్ 5 కాపీలుంటుంది. అందుకే దాని మీద కొత్త పరీక్ష కట్టారు.

కానీ చూడండి, ‘ఇంకెక్కడా లేదు’ అంటే డేటాబేస్‌లో లేదు అని అర్థం. మన నల్లగొండ తోటల ఆకుల్లో ఉండే బ్యాక్టీరియాల జీనోమ్‌లన్నీ అందులో ఎక్కడున్నాయి? ఇంకొన్ని పరీక్షలు ఈ బ్యాక్టీరియాలో దూరి ఉండే ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) ముక్కల మీద ఆధారపడతాయి, అవి బోలెడు కాపీలుంటాయి కాబట్టి చాలా సున్నితం, కానీ జపాన్‌లో దొరికిన ఇషి-1 రకంలో ఆ ఫేజే లేదు. అలాంటి రకం ఉన్న చెట్టును ఆ పరీక్ష ఆరోగ్యంగా ఉందని రాసేస్తుంది.

ఇక సీటీ 35. పీసీఆర్‌లో ప్రతి సైకిల్‌కు డీఎన్ఏ రెట్టింపవుతుంది. 25 దగ్గర దొరికిన దానికీ 35 దగ్గర దొరికిన దానికీ వెయ్యి రెట్లు తేడా. 35 అంటే చాలా కొంచెం. అది తెగులు తొలి దశ కావచ్చు, పక్క శాంపిల్ నుంచి పడిన మరక కూడా కావచ్చు. ఒక్క అంకె చూసి తేల్చలేం. ల్యాబును రెండు అడగండి: నీళ్లు మాత్రమే పెట్టిన ఖాళీ ట్యూబులో ఏమొచ్చింది (అందులోనూ దొరికితే అది మరకే)? ఏ జీన్ మీద చేశారు?

కనగల్ రైతు:
నువ్వు అడుగుతూ కూర్చునే లోపు పురుగు ఆగుతుందా తమ్మీ?

పాలమూరు పిల్లగాడు:
ఆగదన్నా, అందుకే ఈ రోజే పురుగు మందు కొట్టించమనండి, ఆ చెట్టు చుట్టూ కొత్త చిగురు మీద కన్నేసి ఉంచమనండి. కానీ పీకేముందు నాలుగు దిక్కుల కొమ్మల నుంచి వేర్వేరుగా ఆకులు తీయాలి. బ్యాక్టీరియా చెట్టంతా ఒకే తీరుగా పరుచుకోదు, ఒక కొమ్మలో ఉండి ఇంకో కొమ్మలో ఉండకపోవచ్చు. మధ్య ఈనె, తొడిమ పంపాలి, ఎందుకంటే అది ఆహార నాళాల్లోనే ఉంటుంది. మన ఎండలకు దాని సంఖ్య తగ్గిపోతుంది కాబట్టి ఎండాకాలంలో నెగటివ్ వస్తే దాన్ని నమ్మొద్దు, చలికాలంలో తీయండి. రెండు వేర్వేరు జీన్ల మీద రెండుసార్లూ దొరికితే అప్పుడు నేను కూడా పీకమనే చెప్తాను.

నర్సరీ సంగతి మాత్రం పూర్తిగా వేరు. అక్కడ అంటు కట్టడానికి కంటి పుల్ల తీసే తల్లి చెట్టుకు 35 వచ్చినా పక్కన పెట్టేయాల్సిందే. ఒక తల్లి చెట్టు పోతే నర్సరీకి ఒక చెట్టు నష్టం, అది తెగులుదైతే ఎన్ని ఊళ్లకు పోతుందో లెక్కే లేదు.

అంట్ల నర్సరీ:
చెప్పడం సులువే. ప్రతి తల్లి చెట్టుకూ రెండు జీన్ల పరీక్ష అంటే ఖర్చు ఎవరు భరిస్తారు? పది చెట్ల ఆకులు కలిపి ఒకే శాంపిల్ చేస్తే తప్ప మాకు గిట్టదు.

పాలమూరు పిల్లగాడు:
కలపండి, తప్పులేదు, కానీ పదింట్లో ఒక్కటే జబ్బుదైతే డీఎన్ఏ పదో వంతుకు పలచబడుతుంది, అంటే సీటీ 3 సైకిళ్ల పైనే పెరుగుతుంది. ఈ చెట్టు 35 అలా కలిపితే 38 దాటేది, చాలా ల్యాబులు దాన్ని నెగటివ్ కిందే రాస్తాయి. ఎన్ని కలిపితే ఎంత తప్పిపోతుందో ముందే లెక్క కట్టి, నాలుగో ఐదో కలుపుకోండి.

హాలియా బత్తాయి:
ఇప్పుడు ఒప్పుకుంటున్నా, కానీ ఒక్క షరతు. రిపోర్టులో ఉత్త ‘పాజిటివ్’ అని కాకుండా ఏ జీను, ఎంత సీటీ, ఖాళీ ట్యూబు ఫలితం ఏంటి అన్నవి తెలుగులో రాసివ్వాలి. రైతు చెట్టు పీకేది ఆ కాగితం చూసే కదా.

తిప్పర్తి తోట:
ల్యాబుకు ఫోన్ చేసిన. పరీక్ష 16ఎస్ మీదే చేశారట, ఖాళీ ట్యూబు సంగతి రేపు చెప్తామన్నారు. మందు మాత్రం ఈ సాయంత్రమే కొట్టిస్తున్నా.