50 మి.మీ. బేరింగ్ సీటు: మైక్రోమీటర్‌లో కొలత సరే, బేరింగ్ మాత్రం వదులు

బొబ్బిలి లేత్:
రైస్‌మిల్లు షాఫ్టు, ఈఎన్ 8 (మధ్యరకం కార్బన్ ఉక్కు) కడ్డీ. 6310 బేరింగ్ (50 మి.మీ. బోరు) కూర్చునే సీటు 50.010 మి.మీ.కి తీశాం. కార్బైడ్ ఇన్‌సర్ట్‌తో (టూల్‌కి బిగించే గట్టి కోత ముక్క) రఫ్ కోత, వెంటనే ఫినిష్ కోత, చివర ఎమెరీ (గరుకు పట్టీతో రుద్దడం). మైక్రోమీటర్ 50.010 అనే చూపించింది. మర్నాడు బేరింగ్ చేత్తోనే దిగిపోయింది. తేడా ఎక్కడొచ్చినట్టు?

రాజాం టర్నర్:
వేడి మీద కొలిచారు గురూ. 50 మి.మీ. ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే 11 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పైనే పెరుగుతుంది. అది చల్లారితే మీ 50.010 కాస్తా 49.999 అవుతుంది. ఎండాకాలం షెడ్డు 38 డిగ్రీలున్నా భయం లేదు. జాబ్, మైక్రోమీటర్, బేరింగ్ మూడూ ఉక్కే, ఒకే వేడిలో ఉంటే చాలు. రఫ్ అయ్యాక జాబ్‌ను చల్లారనివ్వండి. 50-75 మైక్రోమీటర్‌ని 50 మి.మీ. స్టాండర్డ్ కడ్డీతో జీరో చూసుకోండి, ర్యాచెట్‌తోనే (ఎక్కువ బిగవనివ్వని కొస పిడి) తిప్పండి.

గరివిడి ఫిట్టర్:
వేడి సంగతి నిజమేగానీ, నాకు అనుమానం ఎమెరీ మీదే. ఎమెరీ అంతటా ఒకేలా కోయదు. టేపర్ వస్తుంది (ఒక కొస సన్నబడుతుంది), గుండ్రం పోతుంది. పైగా టూల్ గీతలు గరుగ్గా ఉంటే మైక్రోమీటర్ వాటి శిఖరాల మీదే ఆనుతుంది, బేరింగ్ ఎక్కేటప్పుడు అవి నలిగిపోతాయి. సీటు రెండు కొసల్లోనూ మధ్యలోనూ, 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. అంకెలు కలవకపోతే టెయిల్‌స్టాక్ సెంటర్‌ని (కడ్డీ రెండో కొసను ఆపే మొన) డయల్ గేజ్‌తో చూడాలి.

విజయనగరం మెషినిస్ట్:
ఎమెరీ జోలికే వెళ్లకూడదు, ఎంత తగ్గిందో చేతికి తెలీదు. 0.30 మిగిల్చి, 0.15 చొప్పున రెండు సమాన కోతలు పెట్టండి. మొదటిదాని తర్వాత చల్లార్చి కొలిస్తే టూల్ ఎంత వంగుతోందో తెలుస్తుంది, రెండోదీ అంతే వంగుతుంది. ఆఖర్న 0.02 గీకుదామంటే కార్బైడ్ కోయదు, రుద్దుతుంది. అంత సన్న కోతకు పదునైన హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్ వాడండి. కాంపౌండ్ స్లైడ్‌ని (టూల్‌ని మోసే, కోణానికి తిప్పగల చిన్న స్లైడ్) 5 డిగ్రీల 44 నిమిషాలకు, లేత్ పొడవు దిక్కు నుంచి తిప్పితే, స్లైడ్ 0.10 నడిస్తే టూల్ 0.01 లోపలికి పోతుంది, అంటే వ్యాసంలో 0.02.

బొబ్బిలి లేత్:
అయితే ఎంతకు తీయాలి? 50.010 చాలదా?

గరివిడి ఫిట్టర్:
చాలు. కే6 (షాఫ్టు కొలతకు ఒక ప్రామాణిక హద్దు) అంటే 50.002 నుంచి 50.018 వరకు. మామూలు బేరింగ్ బోరు 49.988 నుంచి 50.000. 50.010 ఉంటే ఎక్కడ పడ్డా కనీసం 10 మైక్రాన్ల బిగువు వస్తుంది, చేత్తో దిగదు. కాబట్టి మీ సీటు చల్లారాక 50 కంటే తక్కువే ఉంటుంది. బేరింగ్‌ని ఆయిల్‌లో 80-90 డిగ్రీలకు వేడిచేసి ఎక్కించండి. లోపలి రింగ్ మీదే నొక్కాలి, బయటి రింగ్ మీద కొడితే బంతులు గుంటలు చేస్తాయి.