చలికాలం పొద్దున ఆకుల మంటలు: కాలనీలో ఆపించాలా, వద్దా?

తార్నాక వేపచెట్టు:
మొన్న ఆదివారం మా కాలనీ మీటింగ్‌లో ఒక తీర్మానం పెట్టాం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గేటు లోపల ఆకులు, చెత్త కాల్చకూడదు, చలిమంట కూడా వేయకూడదు. వేస్తే ఆ బ్లాకుకు జరిమానా. సగం మంది చేతులెత్తారు, మిగతా సగం మంది లేచి వెళ్లిపోయారు. నేను చేయెత్తినవాడిని, ఎందుకో చెప్తాను.

మాది మూడో అంతస్తు. జనవరిలో పొద్దున ఆరింటికి బాల్కనీలో నిలబడితే కింద బాదం ఆకుల కుప్ప రాజుకుంటూ కనిపిస్తుంది. ఆ పొగ పైకి పోదు. మా అంతస్తు దాకా లేచి, అక్కడ పడుకుని, పక్కకు పాకుతుంది. దండెం మీద రాత్రి ఆరేసిన బట్టల్లోకి, కిటికీ సందుల్లోకి వచ్చేస్తుంది. మా అమ్మకు 71 ఏళ్లు. ఆ నాలుగు నెలలూ ఆమె ఛాతీలో పిల్లికూతలు వినపడని రోజు ఉండదు. అదే కుప్పను మే నెల మధ్యాహ్నం కాలిస్తే పొగ క్షణాల్లో పైకి పోతుంది. మంట అదే, మారింది కాలం.

సైనిక్‌పురి రిటైర్డ్:
మీ అమ్మగారి బాధ అర్థమైంది బాబూ. కానీ మన హైదరాబాద్ లోయ కాదు. ఉద్యోగంలో ఉండగా రెండేళ్లు ఖాట్మండులో ఉన్నాను, అసలు పొగ అంటే అక్కడ చూడాలి. చుట్టూ కొండలు, నడుమ గిన్నెలా ఊరు. చలికాలంలో ఇటుక బట్టీలు, మార్చి వచ్చేసరికి అడవుల మంటలు. 2021 మార్చి చివర్లో పొగ తట్టుకోలేక నేపాల్ ప్రభుత్వం బడులకు నాలుగు రోజులు సెలవులిచ్చింది. మనది దక్కన్ పీఠభూమి, సుమారు 540 మీటర్ల ఎత్తు, నాలుగు దిక్కులా తెరిపి. గాలి నాణ్యత చూపించే సమీర్ యాప్ తెరిస్తే చాలా రోజులు 'సంతృప్తికరం' అనో 'మధ్యస్థం' అనో ఉంటుంది. లారీలు, ఫ్యాక్టరీలు, తవ్వి వదిలేసిన రోడ్లు ఉండగా, చీపురు పట్టినవాళ్ల మీద పడతారా?

తార్నాక వేపచెట్టు:
సార్, గిన్నె లేదన్నది నిజమే, మూత మాత్రం ఉంది. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి పొర మూతలా పరుచుకుంటుంది. దానికి కొండలు అక్కర్లేదు. కొండలుంటే పక్కలకు కూడా దారి ఉండదు, అంతే తేడా. ఎండ ఎక్కి నేల వేడెక్కాక మూత విడిపోతుంది. మనమేమో సరిగ్గా అది బిగిసి ఉన్న గంటల్లో అగ్గిపుల్ల గీస్తాం, పిల్లలు బడి బస్సు కోసం నిలబడే గంటల్లో.

ఇక 'సంతృప్తికరం' అన్నమాట. మన గాలి నాణ్యత సూచీలో 51 నుంచి 100 దాకా అదే పేరు. పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలికి పోయే సన్నటి కణాల లెక్కన చూస్తే 100 అంటే ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు. 24 గంటల సగటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. నాలుగింతలున్నా మన దగ్గర సంతృప్తే. పైగా అది రోజంతటి సగటు. సనత్‌నగర్‌లోనో జూపార్కులోనో ఉన్న గాలి కొలిచే యంత్రానికి మా గేటు దగ్గరి ఆరుగంటల పొగ ఎలా తెలుస్తుంది?

వాచ్‌మన్ బిడ్డ:
అన్నా, ఆ గేటు దగ్గర మంట వేసేది మా నాన్నలాంటివాళ్లే. మాది పాలమూరు వైపు. తొమ్మిదేళ్లుగా సెల్లార్‌లో మెట్ల కింద గది మాది. తలుపు రేకుది, కింద నాలుగు వేళ్ల సందు. డిసెంబర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి నీళ్ల పంపు వేయడానికి లేచి, చేతులు కొంకర్లు పోతుంటే దొరికింది కాలుస్తాడు. మీ ఇళ్లకు వచ్చిన పార్శిల్ అట్టపెట్టెలు, వాటికి అంటిన టేపు, కవర్లు. ఆ పొగ అందరికంటే ముందు మా నాన్న ముక్కులోకే పోతుంది. దగ్గి దగ్గి గోడ పట్టుకుని నిలబడతాడు.

మంట మంచిదని నేను అనను, నర్సింగ్ చదువుతున్నాను. జరిమానా బ్లాకుకు అంటున్నారు, చివరికి అది ఎవరి జీతంలో కోస్తారో మాకు తెలుసు. పోయినేడాది మోటారు కాలిపోతే అదే జరిగింది. మీరు వద్దంటే నాన్న మంట మానేస్తాడు. చలి మాత్రం అలాగే ఉంటుంది.

బోయిన్‌పల్లి మొక్కలు:
ఆకుల సంగతికి నా మాట. కోళ్ల జాలీ నాలుగడుగుల ఎత్తున గుండ్రంగా చుట్టి చెట్టు కింద నిలబెట్టండి. ఆకులు పోయండి, వారానికోసారి తడపండి, ఉంటే కాస్త పేడనీళ్లు చల్లండి. మాకు ఆరు నెలల్లో మెత్తటి ఎరువైంది. బాదం ఆకు మందం కాబట్టి చిదిమి వేయాలి, రావి ఆకు త్వరగా చివుకుతుంది. రెండు జాలీలుంటే ఒక కాలనీకి సరిపోతుంది.

సైనిక్‌పురి రిటైర్డ్:
ఆ అమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను. నా మాట కొంత దిద్దుకుంటాను: మూత సంగతి ఒప్పుకుంటున్నా, మంట ఆగాల్సిందే. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. కానీ కాలనీ జరిమానాకు ఇప్పటికీ ఒప్పుకోను, అది బలహీనుడి మీదకే జారుతుంది. ఇంకొకటి, పొద్దున్నే పొడి చీపురుతో దుమ్ము లేపడం కూడా అదే మూత కిందే కదా. దాని ఊసు తీర్మానంలో లేదేం?

తార్నాక వేపచెట్టు:
లేదు సార్, నాకు తట్టలేదు. చెల్లీ, జీతంలో కోత అన్నమాట చదివాక జరిమానా వాక్యం కొట్టేశాను. ఇప్పుడు కాగితం మీద ఉన్నవి: నీళ్లు చల్లి ఎనిమిది తర్వాతే ఊడ్చడం, చెట్ల కింద రెండు జాలీలు, అట్టపెట్టెలు ఎవరివి వాళ్లే విప్పి పాతసామాన్ల బండికి ఇవ్వడం, వాచ్‌మన్ గదికి చెక్క తలుపు, రెండు మందపాటి దుప్పట్లు. నిన్న రాత్రి కమిటీ వాట్సాప్‌లో పెట్టాను. జాలీలకు ముప్పై రెండు ఇళ్లు సరే అన్నాయి. తలుపు ఖర్చుకు ఇప్పటిదాకా పదకొండే. మిగతావాళ్ల తలుపులు ఈ సాయంత్రం తడతాను.