అప్‌డేట్: జరాఫ్ చెట్టు కింద నుంచి ఎందుకు వెళ్లిపోయాడు?

రిచర్డ్ కానెల్ 1924లో రాసిన ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’ కథ గురించి ఇంతకుముందు ఒక ప్రశ్న అడిగాను. అందులో జనరల్ జరాఫ్ తన దీవిలో సరదా కోసం మనుషుల్నే వేటాడతాడు; ఈసారి అతను వేటాడేది రెయిన్స్‌ఫోర్డ్ అనే వేటగాణ్ణి. మొదటి రాత్రి రెయిన్స్‌ఫోర్డ్ చెట్టు మీద దాక్కుంటే, జనరల్ జరాఫ్ సరిగ్గా ఆ చెట్టు దాకా వచ్చి, పైకి పూర్తిగా చూడకుండానే ఎందుకు వెనుదిరిగాడని. జవాబులు చదివాక కథ మళ్లీ మొదటి నుంచి చదివాను.

జరాఫ్ వెళ్లిపోయింది చూడలేక కాదు. చూపు మాను వెంట పైకి పాకుతూ, రెయిన్స్‌ఫోర్డ్ పడుకున్న కొమ్మకు కాస్త కిందే ఆగింది. నవ్వి, సిగరెట్ పొగ రింగులా వదిలి వెళ్లిపోయాడు. ఆట రేపటికి కూడా మిగలాలి కదా! పిల్లి ఎలుకను వదిలి మళ్లీ పట్టుకున్నట్టు. కథ మొత్తంలో నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించింది ఈ ఘట్టమే.

తర్వాత రెయిన్స్‌ఫోర్డ్ పన్నిన ఉచ్చులు అంతగా భయపెట్టవు. పడే చెట్టు జనరల్ భుజానికి తగిలింది, గుంతలో ఒక వేటకుక్క చచ్చింది, కొమ్మకు కట్టిన కత్తికి జరాఫ్ సేవకుడు ఇవాన్ బలయ్యాడు. వేటాడేవాడు మాత్రం ఇంకా వెంటే ఉన్నాడు. చివరికి రెయిన్స్‌ఫోర్డ్‌ను కాపాడింది ఉచ్చు కాదు, సముద్రంలోకి దూకడం. ఈదుకుంటూ వెళ్లి జనరల్ పడకగదిలోనే కాచుకున్నాడు.

ఓపిగ్గా రాసిన అందరికీ థ్యాంక్స్. ముగింపులో జరాఫ్‌ను చంపిన రెయిన్స్‌ఫోర్డ్ కూడా అతనిలాగే మారిపోయాడని ఒకరు అన్నారు. నేను ఒప్పుకోను. ప్రాణం కోసం తిరగబడటం, సరదా కోసం చంపడం ఎన్నటికీ ఒకటి కావు.