చెరువు పక్క మినుముకి రైజోబియం పట్టించినా వేరు బుడిపెలు రావట్లేదు, ఎందుకు?

ఉండి_చేను: సార్వా కోతకి ముందు వరిలో చల్లిన మినుమండి. రొయ్యల చెరువు గట్టు నుంచి పది గజాల దాకా మొక్క గిడసబారి పసుపెక్కింది, అవతల బాగానే ఉంది. విత్తనమూ, రైజోబియం కల్చరూ (వేరు బుడిపెల్లో చేరి గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా పొడి) ఒకటే. వచ్చే ఏడాది రైజోబియం రెట్టింపు వేస్తే పనిచేస్తుందా?

వేరు_మట్టి: వెయ్యకండి, డబ్బు దండగ. గట్టు పక్కనే దెబ్బతిందంటే చెరువు ఉప్పునీటి ఊట చేలోకి వస్తున్నట్టుంది. ఉప్పుకి రైజోబియం అంత తేలిగ్గా చావదు. మినుము తట్టుకోలేని ఉప్పులో కూడా బతికే రకాలున్నాయి. దెబ్బ పడేది వేరు నూగు (వేరు మీది సన్నటి వెంట్రుకలు) దగ్గర. ఆ నూగు వంకర తిరిగి బ్యాక్టీరియాని లోపలికి తీసుకోవాలి. ఉప్పు ఎక్కువైతే నూగే సరిగ్గా రాదు, ఇక బుడిపె ఎక్కడ పుడుతుంది? పుట్టినా నత్రజని పట్టడం తగ్గిపోతుంది.
ముందు మొక్క చూడండి. 30 రోజులప్పుడు పారతో మట్టిగడ్డతో సహా తీసి బకెట్ నీళ్లలో నానబెట్టి కడగాలి. చేత్తో పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. బుడిపె కోస్తే లోపల గులాబీరంగు ఉంటే పనిచేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేనట్టు. ఆకు మీద పసుపు మచ్చలు మచ్చలుగా ఉంటే మాత్రం అది పల్లాకు తెగులు, ఉప్పు కాదు.

డెల్టా_ల్యాబ్: గట్టు నుంచి 2, 5, 10, 20 మీటర్ల దగ్గర 15 సెం.మీ. లోతు మట్టి తీసి విడివిడి సంచుల్లో పంపండి. అన్నీ కలిపేస్తే ఊట ఎంతదాకా వచ్చిందో తెలియదు. ఇ.సి. (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) అంకె ఏ పద్ధతిలో తీశారో తప్పకుండా అడగండి. మీటరుకి 4 డెసిసైమన్లు దాటితే చౌడు అనే లెక్క సంతృప్త సారానికి, అంటే మట్టిని నీళ్లతో ముద్దగా తడిపి లాగిన నీటికి. ఒక పాలు మట్టికి రెండు పాళ్లు నీళ్లు కలిపి తీస్తే అదే నేలకి అంకె చాలా తక్కువ వస్తుంది, అక్కడ 1 దాటితేనే జాగ్రత్త పడాలి. చాలామంది ఇక్కడే మోసపోతున్నారు.

గట్టు_కింద: గట్టుకీ చేనుకీ మధ్య మూడడుగుల లోతు ఊట బోదె తీసి మురుగు కాలువలో కలపండి, అది లేకపోతే ఎంత కడిగినా ఉప్పు మళ్లీ వస్తుంది. సార్వాకి కాలువ వదలగానే నీళ్లు నిలగట్టి దమ్ము చేసి, ఒండ్రు పేరుకున్నాక పై నీళ్లు తీసెయ్యండి. మూడు నాలుగు సార్లు చెయ్యాలి. జిప్సం మాత్రం నేల పీహెచ్ 8.5 దాటితేనే వెయ్యాలి.
నాచు చావడానికి మైలుతుత్తం (రాగి సల్ఫేట్) వేసిన చెరువు బురద చేలోకి అసలు రానివ్వద్దు. ఉప్పు కడిగితే పోతుందండీ, రాగి బంకమట్టిని పట్టుకుని ఉండిపోతుంది. ఇంగ్లండులో వోబర్న్ ప్రయోగ పొలంలో లోహాలున్న మురుగు బురద 1961లో ఆపేశారు. ఇరవై ఏళ్లు దాటాక కూడా అక్కడి నేలలో క్లోవర్‌కి (పప్పుజాతి పశుగ్రాసం) నత్రజని పట్టే రైజోబియం లేదు.

వేరు_మట్టి: ఇంకొకటి. శిలీంధ్రనాశిని, పురుగుమందు ముందు పట్టించి ఆరాక, చివరన 8–10 కిలోల విత్తనానికి 200 గ్రాముల కల్చర్ చల్లారిన బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరబెట్టి, అదే రోజు చల్లాలి. అన్నీ ఒకేసారి కలిపితే కల్చర్ విత్తనం మీదే చస్తుంది.