చిన్న డిజైన్ స్టూడియోకు బ్లాగు అవసరమా, ఇన్‌స్టాగ్రామ్ సరిపోతుందా?

నారాయణగూడ సందు (ప్రశ్న)

నమస్కారం. హైదరాబాదు నారాయణగూడలో ముగ్గురం కలిసి ఒక చిన్న డిజైన్ స్టూడియో నడుపుతున్నాము. పెళ్లి పత్రికలు, దుకాణాల లోగోలు, పచ్చళ్లకూ పొడులకూ లేబుళ్లు మా ప్రధానమైన పని. రెండేళ్ల కిందట వెబ్‌సైటుతో పాటు ఒక బ్లాగు కూడా మొదలుపెట్టాము. ఇప్పటికి పదకొండు టపాలు వచ్చాయి. వాటిలో ఐదు పండుగ శుభాకాంక్షలేనని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం క్రమం తప్పకుండా బొమ్మలు పెడుతున్నాము. మెచ్చుకోళ్లు బాగానే వస్తున్నాయి గానీ, మెచ్చుకునేవారిలో ఎక్కువమంది తోటి డిజైనర్లే తప్ప పని అప్పగించేవారు కారు. కొత్త పనులు ఇప్పటికీ పాత పార్టీలు నోటిమాటగా చెబితేనే వస్తున్నాయి. వారానికి రెండు మూడు గంటలకు మించి ఈ వ్యవహారానికి కేటాయించలేము. ఆ సమయాన్ని బ్లాగు మీద పెట్టడం మేలా, దాన్ని మూసివేయడం మేలా? రాస్తే తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా?

ఆఫ్‌సెట్ మేస్త్రి

బ్లాగు మూయకండి, అందులో రాసే విషయాన్ని మార్చండి. మీ ఫోనుకు రోజూ వచ్చే ప్రశ్నలను ఒక వారం పాటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆరు నెలలకు సరిపడా టపాలు అందులోనే దొరుకుతాయి.

నా అనుభవం చెబుతాను. పెళ్లి పత్రికకు ప్రూఫ్‌ను, అంటే అచ్చుకు ముందు చూపే నమూనాను, వాట్సాప్‌లో పంపితే, అందులో చూసిన కుంకుమ రంగే అచ్చులోనూ రావాలని పెళ్లివారు పట్టుబట్టడం, పత్రికలు చేతికి వచ్చాక రంగు చచ్చిపోయిందని నొచ్చుకోవడం మా దగ్గర ప్రతి ముహూర్తాల కాలంలోనూ జరిగేది. ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగు చూపిస్తుందనీ, ఆఫ్‌సెట్ యంత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలను కాగితం మీద అద్ది రంగు పుట్టిస్తుందనీ, తెర మీద మెరిసే కొన్ని చిలకపచ్చలు, ముదురు నీలాలు ఆ నాలుగు సిరాల కలయికలో రానే రావనీ ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి ఒక ఆదివారం కూర్చుని అదే రాశాను. ఒకే పత్రికను ఫోను తెర మీదా, అచ్చయిన కాగితం మీదా పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో ఒకటి జతచేశాను. ఇప్పుడు కొటేషన్‌తో పాటే ఆ లింకు పంపుతాను. చదివినవారు రంగు గురించి గొడవపడటం దాదాపు మానేశారు, కొందరు ఆ లింకునే బంధువులకు పంపి మా దగ్గరికి తీసుకువచ్చారు. మీకు వస్తున్న నోటిమాటకు బ్లాగు ఈ విధంగా తోడవుతుంది.

విజిటింగ్ కార్డు మూడున్నర అంగుళాల వెడల్పు, రెండు అంగుళాల ఎత్తు అయితే, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1050 × 600 పిక్సెళ్ల బొమ్మ కావాలి. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చిన లోగో కుదించుకుపోతుంది కాబట్టి దాన్ని డాక్యుమెంటుగా పంపమని అడగాలి. ఇదొక టపా.

టపా రాశాక అందులోని ఒక బొమ్మ ఇన్‌స్టాగ్రామ్‌కూ, మరొకటి వాట్సాప్ స్టేటస్‌కూ సరిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మ కింద రాసే మాటల్లో లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి, దాన్ని ప్రొఫైల్‌లోనో స్టోరీలోనో ఇవ్వండి. స్టోరీ 24 గంటల్లో పోతుంది. పనికొచ్చేదైతే హైలైట్లలో దాచండి.

అక్షరాల పిచ్చి

భాష సంగతి. మీ పార్టీలు మీతో ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలోనే రాయండి. అయితే ఒక హెచ్చరిక. మన డీటీపీ వాళ్లలో చాలామంది ఇంకా అను ఫాంట్లలోనే, అంటే ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు చూపించే పాత ఫాంట్లలోనే, టైపు చేస్తారు. ఆ మ్యాటర్‌ను అలాగే తెచ్చి బ్లాగులో అతికిస్తే తెలుగు కనబడదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వరుస కడతాయి. దానికి భయపడి మొత్తం మ్యాటర్‌ను బొమ్మగా మార్చి పెట్టేవారూ ఉన్నారు. అప్పుడు కళ్లకు కనబడుతుంది గానీ, వెతికేవారికి దొరకడం కష్టం. టపాను ఫోన్లలోనూ వెబ్‌సైట్లలోనూ తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోనే టైపు చేయండి. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్ వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మలో ఏముందో చెప్పే వివరణలో) ఒక వాక్యం తెలుగులో రాయండి.

నారాయణగూడ సందు

మేస్త్రి గారికి, అక్షరాల పిచ్చి గారికి ధన్యవాదాలు. మీరు చెప్పాక చూసుకుంటే, మా టపాల్లో నాలుగింటిలో మ్యాటరంతా బొమ్మగానే ఉంది. ఇంకొక సందేహం. పార్టీల పనిని బ్లాగులో చూపించాలంటే ప్రతిసారీ అనుమతి అడగాలా?

లేబుల్ అక్క

అడగాలి తమ్ముడూ, అదీ పని మొదట్లోనే. మేము కొటేషన్‌లోనే ఒక వాక్యం చేర్చాము: పని పూర్తయ్యాక దీనిని మా వెబ్‌సైటులోనూ సామాజిక మాధ్యమాల్లోనూ చూపించవచ్చా, అవును లేదా కాదు. కాదన్నవారు తక్కువే, కానీ అడగకుండా పెట్టి తరువాత తీసేయాల్సి రావడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. పెళ్లి పత్రికల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వాటి మీద ఇంటి చిరునామా, ఫోను నంబర్లు, ముహూర్తం సమయం, అంటే ఇంట్లో ఎవరూ ఉండని సమయం కూడా ఉంటుంది. పెళ్లి అయ్యేదాకా ఆగండి, వివరాలన్నీ మార్చిన నమూనానే పెట్టండి.

మేస్త్రి గారి మాటకు నాదొక చేర్పు. ఏ ప్రశ్నకు తప్పు జవాబు వస్తే పార్టీ డబ్బు నష్టపోతుందో ఆ ప్రశ్నతో మొదలుపెట్టండి. మీరు పచ్చళ్ల లేబుళ్లు చేస్తున్నారు కదా. ఆవకాయ మీద ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉండాలని అందరికీ తెలుసు. గోంగూర మటన్ పచ్చడి మీద మాత్రం ఇప్పటికీ గోధుమరంగు చుక్కే వేయించేవారు కనిపిస్తున్నారు. 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లేబులింగ్ నిబంధనల్లో మాంసాహార గుర్తు గోధుమరంగు త్రిభుజంగా మారింది. 14 అంకెల లైసెన్సు నంబరు, నికర బరువు, బ్యాచ్ నంబరు ఎక్కడ వేయాలో మరచిపోయి, ఐదు వేల స్టిక్కర్లు అచ్చయ్యాక తల పట్టుకున్నవారిని నేనే చూశాను. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆడవాళ్లు ఈ నగరంలో ఎంతమందో! వాళ్లు వెతికేది ఇటువంటి సమాచారమే, మన లోగోలోని వంపుల సొగసు కాదు.

ఇక ఇన్‌స్టాగ్రామ్‌ను వదలమని నేను అనను, కానీ అంతా అక్కడే పెట్టకండి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాన్నే నమ్ముకున్నవారు ఒక్క రాత్రిలో చూసేవారందరినీ పోగొట్టుకున్నారు. 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ గడులు చతురస్రం నుంచి నిలువు దీర్ఘచతురస్రాలుగా మారినప్పుడు, చతురస్రానికి కొలిచి పేర్చుకున్న బొమ్మల అంచులు తెగిపోయాయి. టపా మన సొంత డొమైన్‌లో (మన పేరు మీదున్న వెబ్ చిరునామాలో) ఉంటే ఆ బెంగ ఉండదు.

నారాయణగూడ సందు

అక్కా, సిగ్గు విడిచి చెబుతున్నాను, పోయిన నెల మేము చేసిన రొయ్యల పచ్చడి లేబుల్ మీద కూడా గోధుమరంగు చుక్కే ఉంది. ఇంకా అచ్చుకు వెళ్లలేదు కాబట్టి ఇప్పుడే ఆ పార్టీకి ఫోన్ చేసి మార్పిస్తున్నాను. ఆవిడ ఒప్పుకుంటే చుక్క ఉన్న లేబులూ త్రిభుజం ఉన్న లేబులూ పక్కపక్కన పెట్టి, ఈ శుక్రవారం మొదటి టపా దాని మీదే రాస్తాము. శుభాకాంక్షల టపాలు ఐదింటినీ ఈ రాత్రికే తీసేస్తున్నాము.