హేమాయ్ ద్వీపంలో ఐదు గంటలు: అమ్మను పఫిన్ల దగ్గరికి తీసుకెళ్లేదెలా?

వచ్చే జులైలో మా క్రూజ్ షిప్ ఐస్‌లాండ్ దక్షిణాన ఉన్న హేమాయ్ ద్వీపం దగ్గర ఒక పూట ఆగుతుంది. ఉదయం 8కి లంగరు వేస్తారు, తిరిగొచ్చే చివరి పడవ మధ్యాహ్నం 2:30కి. షిప్ బయటే ఆగి చిన్న పడవల్లో ఒడ్డుకు దించుతారట. లైన్లో నిలబడే టైమ్ తీసేస్తే చేతికి మిగిలేది ఐదు గంటలే.

నాతో మా అమ్మ వస్తోంది, 68 ఏళ్లు. చదును దారిలో కూడా కిలోమీటరు దాటితే మోకాలు పట్టేస్తుంది. 1973లో ఎల్డ్‌ఫెల్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు బూడిదలో కూరుకుపోయిన ఇంటిని తవ్వి తీసి, దాని చుట్టూ ఎల్డ్‌హేమార్ మ్యూజియం కట్టారు. అది ఊళ్లోనే కాబట్టి మెల్లగా చూసేస్తాం. కొండ ఎక్కే ఆలోచన మానుకున్నాం. చిక్కంతా పఫిన్లనే సముద్రపు పిట్టలతోనే. అవి కనిపించే స్టోర్‌హోఫ్డి అనే చోటు ఈ ద్వీపానికి దక్షిణ కొసన ఉంది, మ్యాప్‌లో చూస్తే రేవు నుంచి సుమారు 6 కి.మీ. ఫొటో చూసినప్పటి నుంచి అమ్మ ఆ నారింజ ముక్కు పిట్టల్నే కలవరిస్తోంది.

షిప్ వాళ్ల బస్సు టూర్ నిండిపోయింది, వెయిటింగ్‌లో మాది 14వ నంబర్. ఒక టాక్సీకి రెండుసార్లు మెయిల్ పెట్టాను, మూడు వారాలైనా జవాబు లేదు. పడవ టూర్ ఉంది కానీ చిన్న పడవ కుదుపు అమ్మకు పడదు (మరి క్రూజ్ ఎందుకంటే, నా దగ్గర సమాధానం లేదు).

అక్కడ దిగినవాళ్లు చెప్పండి: ముందు బుకింగ్ లేకుండా, రేవులో దిగాక స్టోర్‌హోఫ్డికి వెళ్లి రావడానికి టాక్సీ దొరుకుతుందా?